ఫెరారీ ఎఫ్-40 ఇంజను : ఒక విమర్శ

ఇటలీ దేశమున మారనెల్లోలోని ఫెరారీ సంస్థ 1987లో ఎఫ్-40 అను కారును వెలువరించినది. సంస్థాపకుడైన ఎంజో ఫెరారీ జీవించియుండగా విడుదలయిన కడపటి కొత్త కారు ఇదే. మరుసటి యేడే ఆయన మరణించెను. 1992 వరకు ఇట్టివి 1,300కు పైగా తయారైనవి. మోటారు ప్రియులు దీనిని తలచుకొన్నప్పుడెల్ల గంటకు 324 కిలోమీటర్ల వేగమును, 478 అశ్వసామర్థ్యమును ముందుగా చెప్పుదురు. ఈ అంకెలు నిజమే. అవి ఎట్లు వచ్చినవి, వాటికి చెల్లించిన మూల్యమేమి అను ప్రశ్నలు మాత్రము ఆ స్తోత్రపాఠములలో అరుదుగా కనిపించును.

ఈ ఇంజనులో ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, 90 డిగ్రీల కోణములో అమర్చబడినవి. సిలిండరు వ్యాసము 82 మిల్లీమీటర్లు. పిస్టను కదలు దూరము 69.5 మిల్లీమీటర్లు. స్తూపపు ఘనపరిమాణ సూత్రము తెలిసిన హైస్కూలు విద్యార్థి ఎవడైనను లెక్కవేసి, మొత్తము 2,936 ఘన సెంటీమీటర్లని తేల్చగలడు. ఈ ఇంజను స్వతంత్రముగా పుట్టినది కాదు. 1984లో ఇదే సంస్థ చూపిన జి.టి.ఓ. కారులోని 2,855 ఘన సెంటీమీటర్ల ఇంజనును పెంచి దీనిని చేసిరి. ఆ కాలముననే జర్మనీలో పోర్షేవారు తమ 959 కారునకు 2,849 ఘన సెంటీమీటర్ల ఇంజనును కూర్చిరి. పోటీదారులైన రెండు సంస్థలు ఇంచుమించు ఒకే పరిమాణమును ఏల ఎన్నుకొన్నవి?

జవాబు భౌతికశాస్త్రములో లేదు, పందెముల నిబంధనలలో ఉన్నది. గ్రూప్-బి అను తరగతి పోటీలలో, టర్బోచార్జరు గల ఇంజను పరిమాణమును 1.4 చేత హెచ్చించి లెక్కకు తీసికొనెడివారు. 2,855ను 1.4 చేత హెచ్చించిన 3,997. 2,849ను హెచ్చించిన 3,989. రెండును 4,000 గీటునకు ఈవలనే ఆగినవి. 1986 తరువాత ఆ పోటీలు రద్దయినవి. ఎఫ్-40 లెక్క 4,110 అగును. అనగా గీటు చెరిగిన తరువాత దానిని దాటుటకు సంకోచింపలేదు. కాని ఇంజను అస్థిపంజరము పాతదే. చిన్న సిలిండర్లలోనికి ఎక్కువ గాలిని దట్టించు పద్ధతియు పాతదే. పందెపు నిబంధన పోయినది. దాని కొరకు కుట్టిన చొక్కా మిగిలినది.

టర్బోచార్జరు కొత్త సంగతి కాదు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంటు పొందెను. ఇంజను నుండి వెడలు వ్యర్థవాయువులు ఒక చిన్న టర్బైనును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొననున్న చక్రము బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. గాలి ఎక్కువైన కొలది పెట్రోలును ఎక్కువ మండింపవచ్చును. పారవేయు వాయువులతో పని జరుగుచున్నది గనుక ఇది ఖర్చులేని శక్తియని ప్రచార పత్రములు చెప్పును. ఈ మాటను ఉపాధ్యాయులు తరగతిలో పరీక్షకు పెట్టవలసియున్నది.

ఎఫ్-40లోని రెండు టర్బోచార్జర్లు జపాను దేశపు ఐ.హెచ్.ఐ. సంస్థవి. అవి గాలి పీడనమును వాతావరణ పీడనముకంటె 1.1 బారు హెచ్చించును; అనగా మొత్తము 2.1 రెట్లు. సైకిలు పంపు అడుగుభాగము వేడెక్కుట ఎరిగినవారికి ఇక్కడ జరుగునది తెలియును. 27 డిగ్రీల గాలిని ఉష్ణనష్టము లేకుండ 2.1 రెట్లకు నొక్కినచో, స్థిరోష్ణక సూత్రము ప్రకారము అది 98 డిగ్రీలకు చేరును. నిజమైన యంత్రములో ఇంకను ఎక్కువే. వేడి గాలి పలుచనగుటచే సాంద్రత 2.1 రెట్లు కాక 1.7 రెట్లు మాత్రమే పెరుగును. కావున ఆ గాలిని చల్లార్చుటకు రెండు ఇంటర్‌కూలర్లు కావలసివచ్చినవి. అంతటితో తీరలేదు. వేడి గాలి, పెట్రోలు మిశ్రమము తనంతట తాను పేలకుండుటకై సంపీడన నిష్పత్తిని 7.7కు దించిరి. ఆదర్శ ఓటో చక్రపు లెక్కలో నిష్పత్తి 10 ఉన్నచో దక్షత 60 శాతము, 7.7 ఉన్నచో 56 శాతమే. టర్బోచార్జర్లు పనిచేయని మెల్లని నడకలో కూడ ఈ నష్టమును భరింపవలసినదే.

ఇంకొక లోపము చోదకుని పాదమునకు తెలియును. భ్రమణములు తక్కువగా ఉన్నప్పుడు వాయుప్రవాహము చాలక టర్బైను మందకొడిగా తిరుగును. ఈ ఇంజను పూర్తి టార్కు నిమిషమునకు 4,000 భ్రమణముల దగ్గర గాని లభింపదు. అప్పుడది ఒక్కసారిగా విరుచుకొని వచ్చును. ఎఫ్-40లో రెండు టర్బోచార్జర్లు వరుసకొకటి చొప్పున ఎల్లప్పుడు కలిసియే పనిచేయును. పోర్షేవారు మొదట వాయువునంతను ఒకే టర్బైనుకు పంపి, వేగము హెచ్చిన తరువాత రెండవదానిని చేర్చిరి. రూపకల్పనలో ఇది మెరుగైన ఆలోచన. అయితే అందులో గొట్టములు, కవాటములు ఎక్కువ. చెడుటకు తావులును ఎక్కువ. ఫెరారీవారి సరళతకు ఆ మేరకు మెప్పు చెందవలెను.

ఎఫ్-40 వెనుకభాగపు ఛాయాచిత్రము చూచినవారికి మూడు పొగగొట్టములు కనిపించును. ఇరుప్రక్కలవి సిలిండర్ల వరుసలకు చెందినవి. నడిమిది వేస్ట్‌గేటుది, పీడనము హద్దు మీరకుండ టర్బైనును తప్పించి వదలిన వాయువు దాని గుండా పోవును. ఊరక పోవుదానిని పట్టుకొందుమని చెప్పిన యంత్రమునకు, ఊరక వదలుటకే ప్రత్యేకముగా ఒక గొట్టము!

ఇక పోషణ. ఇట్టి టర్బైను చక్రములు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. కాగిన ఇంజనును ఉన్నట్టుండి ఆపినచో నూనె ప్రవాహము నిలిచి, బేరింగులో మిగిలిన నూనె మాడి బొగ్గగును. ఎఫ్-40 టర్బోచార్జర్లకు నీటి శీతలీకరణ ఉన్నందున ఈ భయము కొంత తగ్గినది, పోలేదు. వేగముగా నడిపిన పిమ్మట కొంతసేపు మెల్లగా తిరుగనిచ్చి ఆపుటయే మంచిది. నూనె ఇంజను అడుగున గాక వేరు తొట్టిలో ఉండును గనుక, ఇట్టి ఏర్పాటులో దాని మట్టమును ఇంజను వేడెక్కి తిరుగుచుండగా చూడవలెను. చల్లని ఇంజనులో చూచి తక్కువైనదని పోసినవాడు పొరబడును.

కవాటములను నడుపు క్యామ్‌షాఫ్టులు రబ్బరు బెల్టులతో తిరుగును. వీనిని నడిచిన దూరమును బట్టియే కాక, గడచిన యేండ్లను బట్టియు మార్చవలెను. పెట్రోలు తొట్లలోని రబ్బరు సంచులకును ఆయుర్దాయము కలదు. పదేండ్లకొకసారి అవి మార్చదగినవి. అమూల్యమని గాజు తలుపుల వెనుక దాచిన కారు ఒక్క కిలోమీటరు నడువకున్నను, లోపల ఆ రబ్బరు ఎండుచునే యుండును.