గుణశబ్దము: శాస్త్రభేదమున అర్థభేదము

సాహిత్యవిమర్శమునకు మన పూర్వులు పెట్టిన పేర్లలో గుణదోషవిచారమనునది ఒకటి. కావున విమర్శకుని చేతిలోని మాటలలో గుణశబ్దము మొదటిదనవచ్చును. ఈ శబ్దము వ్యాకరణమునందొక అర్థమును, తర్కమునందు వేరొక అర్థమును, సాంఖ్యమునందు మరియొక అర్థమును వహించుచున్నది. ఒక శాస్త్రమునందలి లక్షణమును గొనివచ్చి మరియొక శాస్త్రమునందలి లక్ష్యమునకు అన్వయించినచో, మాట ఒక్కటియే యగుటచేత, జరిగిన పొరపాటు కంటబడదు. అమరసింహుడు నానార్థవర్గమున వింటినారిని, ద్రవ్యము నాశ్రయించి యుండుదానిని, సత్త్వాదులను, శౌర్యాదులను, సంధ్యాదులను గుణశబ్దమునకు అర్థములుగా ఒక్కచోట కూర్చెను. నిఘంటువు అర్థములను చెప్పును గాని వాని యెల్లలను చెప్పదు. ఎల్లలను గుర్తించుట కొక ఉపాయమును ప్రతిపాదించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఆయా శాస్త్రమున గుణశబ్దము దేనికి ప్రతియోగిగా నిలిచినదో, అనగా దేనికి ఎదురుగా నిలిచి దానినుండి వేరుపడుచున్నదో, ముందు దానిని చూడవలెనని నా అభిప్రాయము.

వ్యాకరణమున ఈ విషయము సుస్పష్టము. పాణిని అష్టాధ్యాయి మొదటి సూత్రమున వృద్ధిని, రెండవ సూత్రమున గుణమును నిర్వచించెను. అ, ఏ, ఓ లు గుణములు. ఆ, ఐ, ఔ లు వృద్ధులు. ఇచ్చట గుణమునకు ఎదురుగా నిలిచినది వృద్ధియే కాని దోషము కాదు. మహోపద్రవమను మాటలో గుణసంధి యున్నంతమాత్రమున ఉపద్రవమునకు మంచితనము రాదుగదా! గణితమున గుణకారమునకు ఎదుటనున్నది భాగహారము. ద్విగుణము, త్రిగుణము అనునప్పుడు త్రాటి పేటలనెడి ప్రాచీనార్థము తోచుచున్నది. మన బడిపిల్లలు హల్లును అచ్చులన్నిటితో పెంచి వ్రాయు గుణింతమును ఈ కుటుంబముననే చేర్పదగును. రాజనీతిలో సంధి, విగ్రహము మున్నగు నారును గుణములే. అందు విగ్రహమనగా యుద్ధము. యుద్ధమును గుణమే యైనచోట మంచిచెడ్డల ప్రసక్తి లేదని వేరుగ చెప్పనక్కరలేదు. తెలుగు వ్యవహారమున మందు గుణమిచ్చినదనునపుడు ప్రతియోగి రోగము. గుణవంతుడనునపుడు ప్రతియోగి దుర్గుణము.

దర్శనములలో చిక్కు పెరుగును. వైశేషికమున గుణమునకు ఎదుట నున్నది ద్రవ్యము. ద్రవ్యము నాశ్రయించునది గుణము. గుణమునందు మరియొక గుణముండదు. కణాదుడు పేర్కొన్న గుణములు 17. ప్రశస్తపాదుడు వానిని 24గా గణించెను. మీమాంసలో ప్రతియోగి ప్రధానము. ప్రధానమునకు అంగమైనది గుణము. అగ్నిహోత్రమును పెరుగుతో చేయవలెనను విధి అందు గుణవిధి. పెరుగు వైశేషికునకు ద్రవ్యము, మీమాంసకునకు గుణము. ఇద్దరిలో నెవరును పొరబడలేదు. వారి ప్రశ్నలు వేరు. సాంఖ్యమున గుణములకు ఎదుట నిలిచినవాడు పురుషుడు. సత్త్వరజస్తమస్సులు వైశేషికుల గుణముల వంటివి కావనియు, సంయోగవిభాగములును లఘుత్వాదులును గలవి గావున అవి ద్రవ్యములే యనియు, పురుషునకు ఉపకరణములగుటచేతను, అతనిని కట్టివేయు త్రాటిని పేనునవి యగుటచేతను వానికి గుణములని పేరు వచ్చినదనియు విజ్ఞానభిక్షువు వివరించెను. శాస్త్రాంతరార్థము చొరబడకుండ ప్రాచీనులు ఎంత జాగరూకులై యుండిరో తెలియుటకు ఇది మేలైన నిదర్శనము. ఆయుర్వేదమున చరకుడు రజస్తమస్సులను మనోదోషములుగా పరిగణించెను. ఒకచోటి గుణము మరియొకచోట దోషమగుట కింతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

ఇక అలంకారశాస్త్రము. భరతుడు దోషములకు విపర్యయములుగా పది గుణములను చెప్పెను. వామనుడు దీనిని తలక్రిందు చేసి, దోషములే గుణములకు విపర్యయము లనెను. ఆయన మతమున శబ్దగుణములు పది, అర్థగుణములు పది. కావ్యమునకు శోభను కలిగించునవి గుణములు, కలిగిన శోభకు అతిశయమును చేకూర్చునవి అలంకారములు. ఇచ్చట దోషముతో పాటు అలంకారమును ప్రతియోగిగా నిలిచినది. ఆనందవర్ధనుడు ఈ రెండవ ప్రతియోగినే ప్రధానముగా గ్రహించి, అంగియైన రసము నాశ్రయించునవి గుణములు, అంగములైన శబ్దార్థముల నాశ్రయించునవి అలంకారములు అని విభజించెను. కావున గుణములు పదినుండి మాధుర్యము, ఓజస్సు, ప్రసాదము అను మూడింటికి తగ్గుట కేవలము సంఖ్యాసంకోచము కాదు, ప్రశ్నయే మారినది. దోషము లేకుండుట యెట్లని భరతుడు విచారింపగా, ఈ ధర్మము ఎవ్వరిదని ఆనందవర్ధనుడు విచారించెను.

ఈ దృష్టి లేనిచో సంఖ్యాసామ్యము మనలను మోసగించును. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమునందలి విద్యానాథుడు, భోజుని ననుసరించి, 24 కావ్యగుణములను చెప్పెను. వైశేషికుల గుణములును 24. రెండు పట్టికలలో ఒక్క పేరైనను కలియదు. ఇంతకంటె ఆకర్షకమైనది మూడను సంఖ్య. మాధుర్యౌజఃప్రసాదములను సత్త్వరజస్తమస్సులతో జతపరుపవలెనను కోరిక కలుగుట సహజము. కాని సాంఖ్యుల మూడు గుణములును ఎల్లప్పుడు కలిసియే యుండును. ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు, అంతియే. కావ్యగుణములు అట్టివి కావు. మాధుర్యము శృంగార కరుణ శాంతములందును, ఓజస్సు వీర బీభత్స రౌద్రములందును ఉండును; ప్రసాదమొక్కటి సర్వరససాధారణము. భట్టనాయకుడు రసభోగమును సత్త్వోద్రేకముతో వివరించిన మాట నిజమే. అది సహృదయుని చిత్తస్థితిని గూర్చిన మాట గాని, కావ్యగుణముల పట్టిక కాదు.

ఈ సమస్యకు పరాకాష్ఠ జగన్నాథపండితరాయల రసగంగాధరమున కాననగును. శౌర్యాదులు ఆత్మకువలె మాధుర్యాదులు రసమునకు ధర్మములని మమ్మటుడు చెప్పెను. 17వ శతాబ్దమునకు చెందిన ఈ ఆంధ్రపండితుడు దీని నాక్షేపించెను: ఆత్మ నిర్గుణము; రసము ఆత్మస్వరూపము; అట్టి రసమునకు గుణములెట్లు కలుగును? ఆక్షేపము పదునైనదే. కాని మన ఉపాయముతో పరీక్షించి చూతము. మమ్మటుని వాక్యమున ఆత్మయనగా దేహమున మెలగు శూరుడైన పురుషుడు; అచ్చటి గుణమునకు ప్రతియోగి పిరికితనము వంటిది. నిర్గుణమనునపుడు ఆత్మ వేదాంతుల శుద్ధచైతన్యము. అచ్చటి గుణమునకు ప్రతియోగి ఆ చైతన్యమే. రెండు వాక్యములందును మాటలు రెండును ఒకటే, అర్థములు రెండును వేరు. కావున ఈ ఆక్షేపము మమ్మటుని లోకవ్యవహారదృష్టిని పూర్తిగా కూలద్రోయజాలదు.

అట్లని జగన్నాథుడు అప్రస్తుతమును పలికెననుట న్యాయము కాదు. ఆవరణము తొలగిన చైతన్యమే రసమని తన లక్షణమున నిరూపించినవానికి ఈ ప్రశ్న తప్పనిది. రసము వేదాంతుల ఆత్మయైన పిదప దానికి గుణములను కట్టిపెట్టుటకు లోకప్రసిద్ధమైన ఉపమానము చాలదు. ఆయన వాదముయొక్క నిజమైన ఫలము ఖండనమునందు లేదు, తరువాతి నిర్ణయమున నున్నది: చిత్తము ద్రవించుట మున్నగు వృత్తులకు ప్రయోజకమగుటయే గుణత్వము, అది రసమునకువలెనే శబ్దమునకు, అర్థమునకు, రచనకును ఉండవచ్చును. ఈ రచన మధురమని మనము లోకమున అనుమాటకు ఇందుచేత గౌరవము నిలిచినది. గుణము ఎవ్వరిదను ప్రశ్నను విడిచి, గుణము ఏమి చేయునను ప్రశ్నను ఆయన ముందుకు తెచ్చెను.

నేటి పరిశోధనమునకు ఈ విచారము దూరమైనది కాదు. గుణధర్మము, గుణకము, గుణశ్రేఢి మొదలగు మాటలతో ఆధునికశాస్త్రములును ఈ శబ్దమును తమతమ అవసరములకు వాడుకొనుచున్నవి. ఒక ప్రబంధమున గుణములను విచారించు విద్యార్థి మొదట తాను ఏ ఆలంకారికుని గుణమును గ్రహించెనో, అది దోషమునకు ప్రతియోగియో, అలంకారమునకు ప్రతియోగియో చెప్పవలెను. అది చెప్పనిచో ప్రసాదమున్నదన్న వాక్యము ప్రశంసయే యగును గాని నిర్ణయము కానేరదు. రసము, వృత్తి, రీతి, ధ్వని అను శబ్దములకును ఈ పరీక్ష అవసరమే. ధ్వని వైయాకరణులనుండి గ్రహించిన మాటయని ఆనందవర్ధనుడే చెప్పియున్నాడు. ఋణము తెచ్చుకొనుట తప్పు కాదు. ఎవరినుండి, ఎంతవరకు తెచ్చుకొంటిమో ఎరుగకుండుటయే తప్పు.