చోటు మారితే కొలత మారాలి

ఒక పరికరానికి ఒకే పని ఉండాలన్న నా పట్టుదల ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. సూర్యుణ్ని పరిశీలించే ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 మీద ఏడు పరికరాలెందుకు, ఒక్కటి చాలదా అన్న మాట ఈ వారం మళ్లీ వినిపించినప్పుడు నా మనసూ మొదట అటే మొగ్గింది. ఆ వాదానికి మన గడ్డ మీదే సాక్ష్యముంది. 1868 ఆగస్టు 18న, సంపూర్ణ గ్రహణం వేళ, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో మెరిసే గీతలు చూశాడు. అవెంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూడగలిగాడు. మన ఇస్రో మొదట తలపెట్టిన ఆదిత్య-1 కూడా ఒక్క కరోనాగ్రాఫ్‌తో 800 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టాల్సిన చిన్న ఉపగ్రహమే.

కానీ విగ్రహం గర్భగుడిలో ఉంటుందా, కూడలిలో ఎత్తు దిమ్మె మీద నిలుస్తుందా అన్నది తేలకుండా ఆళ్లగడ్డ శిల్పికి కొలతలు తేలవు. ఇక్కడా అంతే. 800 కిలోమీటర్ల దగ్గర భూమి అయస్కాంత గొడుగు అడ్డుంటుంది, సౌరగాలి నేరుగా తగలదు. ఆదిత్య-ఎల్1 చివరికి వెళ్లిన చోట, అంటే 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఎల్1 బిందువు దగ్గర, ఆ గొడుగు లేదు. అందుకే నాలుగు పరికరాలు సూర్యుణ్ని చూస్తుంటే, మూడు తమ మీదుగా పోయే గాలినీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తాయి. ఆ మూడింట్లో మాగ్నెటోమీటరు అమరిక చూడండి. నౌకలోని తీగలకూ సర్క్యూట్లకూ సొంత అయస్కాంతత్వం ఉంటుంది కాబట్టి, 6 మీటర్ల చేయి చాచి దాని కొసన ఒక సెన్సరు, సగం దూరంలో ఇంకొకటి పెట్టారు. దగ్గరి దానికి నౌక ప్రభావం ఎక్కువ, దూరపు దానికి తక్కువ. ఆ తేడాను బట్టి నౌక వాటా ఎంతో లెక్కగట్టి తీసేయవచ్చు. మడిచి పంపిన ఆ చేయి 2024 జనవరి 11న విచ్చుకుంది.

ఏడింటికి బరువు పంచితే ప్రధాన పరికరం నలిగిపోదా అనొచ్చు. ప్రయోగ ఖర్చు కాకుండానే సుమారు 378 కోట్లు మంజూరైన పని గనక అడగాల్సిన ప్రశ్నే. 2024 మే సౌర తుపాను దానికి జవాబిచ్చింది. జ్వాలల ఎక్స్-కిరణాలను సూర్యుణ్ని చూసే పరికరాల్లో సోలెక్స్, హెలియోస్ పట్టాయి, ఎగదోసిన గాలి వచ్చి తాకిన తీరును గాలిని కొలిచే ఆస్పెక్స్ నమోదు చేసింది. కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వస్తే కణాలకు రోజులు పడుతుంది. ఒక్క పరికరంతో ఆ రెండు చివరలూ ముడిపడవు. దేని పని దానిదే, కాని ఒక్కటే చాలదు. ఇన్నాళ్లూ నేను పరికరాలను లెక్కపెట్టాను, అవి నిలబడే చోటును చూడలేదు.

2025 జనవరి నుంచి ఈ కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లు ఒక్కరోజు మాగ్నెటోమీటరు అంకెలను తరగతిలో పిల్లల ముందు పరచాలని నా విన్నపం.