ముందు అన్నం, ఆ తర్వాతే చేప

లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్న బెవర్లీ హిల్స్‌లో 1987లో నొబుయుకి మత్సుహిస తన ఇంటిపేరుతోనే ఒక చిన్న రెస్టారెంట్ తెరిచారు. అక్కడ ఒకసారి ఆయన పలుచగా కోసి, ఒద్దికగా పేర్చి పంపిన తెల్ల చేప ముక్కల పళ్లెం ముట్టుకోకుండానే వంటింట్లోకి తిరిగొచ్చింది. తినడానికి వచ్చినావిడ పచ్చి చేప తినలేనన్నదట. అంత మంచి చేపను పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. పొయ్యి మీద ఆలివ్ నూనె కాగుతోంది. అది తీసి ముక్కల మీద పోశారు. సుయ్‌మని పై పొర తెల్లబడింది, లోపల చేప అలాగే ఉంది. ఆవిడ చివరి ముక్క దాకా తినేసింది. ఆ తర్వాత ఆ నూనెకు నువ్వుల నూనె తోడైంది. సన్నగా తరిగిన అల్లం, యూజు అనే నిమ్మజాతి పండు రసం కలిపిన సోయా సాస్ చేరాయి. ‘న్యూ స్టైల్ సషిమి’ అన్న పేరుతో ఆ వంటకం ఖండాలు దాటింది.

ఇవాళ జూబ్లీహిల్స్‌లోనూ, దుబాయ్‌లోనూ, మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్‌లోనూ ‘ఏషియన్ ఫ్యూజన్’ అని బోర్డు కట్టిన చోట్ల దొరికే సుషీకి ఈ కథతో బీరకాయ పీచు చుట్టరికం కాదు, దగ్గరి బంధుత్వమే ఉంది. అలాంటి చోటికి వెళ్లడమంటే అసలు సంప్రదాయాన్ని వదిలేసి నకలుకు డబ్బులు పెట్టడమేనని కొందరి అభిప్రాయం. నేను ఒప్పుకోను. సుషీ తన చరిత్రలో ఏనాడూ ఒక్కచోట ఆగలేదు. కరవో, భూకంపమో, ఊరు మారడమో, దొరకని సరుకో దాన్ని మారుస్తూనే వచ్చాయి. కానీ మార్చడానికి ముందు మూలం చేతికి రావాలి. మత్సుహిస తోక్యోలోని షింజుకులో ఒక సుషీ దుకాణంలో అంట్లు తోమడం దగ్గర మొదలుపెట్టి పని నేర్చుకున్నవాడు. నూనె ఎంతసేపు తగిలితే చేప పాడవదో ఆ చేతికి తెలుసు.

ఆ మూలమేమిటో చూద్దాం. ఆగ్నేయాసియాలో వరి పండే నదీతీరాల్లో చేపకు ఉప్పు పట్టించి, అన్నంలో కూరి నెలల తరబడి ఊరబెట్టేవారు. అన్నం పులిసి చేపను కాపాడేది. చేప తిని అన్నం పారేసేవారు. జపాన్‌లో బివా సరస్సు దగ్గర షిగ ప్రాంతంలో ‘ఫునజుషి’ పేరుతో ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. కాలం గడిచేకొద్దీ ఊరబెట్టే రోజులు తగ్గి అన్నాన్ని కూడా తినడం మొదలైంది. ఇంకొన్నాళ్లకు, పులిసేదాకా ఆగడం ఎందుకని అన్నంలో నేరుగా వెనిగర్ కలిపేశారు. 1820ల నాటికి నేటి తోక్యో అయిన ఎదో నగరంలో, గుప్పెట్లో అన్నం ముద్ద చేసి పైన చేప ముక్క అద్ది అప్పటికప్పుడు చేతికిచ్చే ‘నిగిరి’ వచ్చింది. దాన్ని జనంలోకి తెచ్చిన ఘనత హనాయ యొహే అనే వ్యాపారికి ఇస్తారు. అది పనివాళ్లు నిలబడి తినే బండి తిండి. సైజు కూడా నేటి దానికి రెండు మూడింతలు.

మనలో చాలామంది దూరం నుంచే దండం పెట్టేది ‘పచ్చి చేప’ అన్న మాటకు. నిజానికి ఎదో కాలపు సుషీలో ఏమీ చెయ్యని పచ్చి చేప అరుదు. ఐసు లేదు, ఫ్రిజ్ లేదు. తోక్యో అఖాతంలో పట్టిన చేప సాయంత్రం దాకా నిలవాలంటే దానికి ఏదో ఒక పని చెయ్యాల్సిందే. ఆ పనే అక్కడ అసలు విద్య. కొహద అనే వెండిరంగు చిన్న చేపను చీల్చి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ముంచుతారు. ఎంత ఉప్పు, ఎన్ని నిమిషాలన్నది ఆ పూట చేప పరిమాణాన్ని, దానికి పట్టిన కొవ్వును, వాతావరణాన్ని చూసి తేల్చుకోవాలి. తోక్యోలో కొత్త దుకాణానికి వెళ్లినప్పుడు తెలిసినవాళ్లు ముందు కొహద అడుగుతారు. అది తిన్నాక ఆ చెఫ్ గురించి ఇంకొకరిని అడగక్కర్లేదు. మన కానాగంతల బంధువైన సబ చేపకూ ఇదే పద్ధతి. ట్యూనాను సోయా సాస్‌లో నానబెడతారు. అనాగో అనే పాములాంటి సముద్రపు చేపను మెత్తగా ఉడికించి, ఉడికించిన నీళ్లనే చిక్కటి పాకంగా మరిగించి పైన పూస్తారు. రొయ్యను ఉడకబెడతారు.

నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది కొబుజిమె. తెల్ల చేప ముక్కను రెండు కొంబు ఆకుల మధ్య పెట్టి కొన్ని గంటలు వదిలేస్తారు. కొంబు అంటే ఎండబెట్టిన మందపాటి సముద్రపు నాచు. అది చేపలోని నీటిని లాగి, తనలోని రుచిని చేపకిస్తుంది. ముక్క కాస్త గట్టిపడి, గాజులా మెరుస్తుంది. ఆ రుచి ఏమిటో 1908లో తోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో కికునయె ఇకెద అనే రసాయన శాస్త్రవేత్త తేల్చారు. కొంబు నుంచి ఆయన వేరు చేసింది గ్లూటమేట్. దాని రుచికి ఉమామి అని పేరు పెట్టారు. చేప మాంసంలో సహజంగా ఉండే ఇనోసినేట్‌తో గ్లూటమేట్ కలిస్తే రెండూ విడివిడిగా ఇచ్చే రుచుల మొత్తం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రుచి వస్తుంది. లెక్క తెలియకముందే చెయ్యి ఆ పని చేసేసింది.

ఇంత చెప్పినా సుషీలో సగం పైన బరువు అన్నానిదే. చెఫ్‌లు దాన్ని ‘షారి’ అంటారు. పొట్టి గింజ బియ్యం కావాలి. మన సోనా మసూరి లాగా విడివిడిగా పొడిగా వచ్చేవి పనికిరావు. బియ్యంలో ఉండే రెండు రకాల పిండిపదార్థాల్లో అమైలోజ్ ఎక్కువైతే మెతుకు విడిపోతుంది, తక్కువైతే అంటుకుంటుంది. జపాన్ బియ్యంలో అది తక్కువ. మంచి దుకాణాల్లో కొంత పాత బియ్యం కలుపుతారు. పాత గింజలో తేమ తక్కువ కాబట్టి వెనిగర్‌ను బాగా పీలుస్తుంది. నీళ్లు తేటపడేదాకా కడిగి, నానబెట్టి, కాస్త పలుకుగా వండి, వేడివేడిగా వెడల్పాటి చెక్క తొట్టెలో కుమ్మరిస్తారు. చెక్క అదనపు తడిని పీల్చుకుంటుంది. ఉప్పు, చక్కెర కరిగించిన వెనిగర్‌ను పైన చల్లి, చదును తెడ్డుతో కోస్తున్నట్టుగా కలుపుతారు. మెతుకు చితకకూడదు. పక్కనుంచి విసనకర్రతో విసురుతారు. పులిహోరకు పళ్లెంలో అన్నం ఆరబోసి, చింతపండు గుజ్జు మెతుకు మెతుక్కీ పట్టేలా పైపైన కలిపే అమ్మమ్మల చేతులు చూసినవాళ్లకు ఈ ఒడుపు వెంటనే అర్థమవుతుంది.

వెనిగర్‌లోనూ ఒక కథ ఉంది. ఇప్పటి ఐచి ప్రాంతంలోని హాండలో నకానో మతజయెమోన్ అనే సాకే (బియ్యపు మద్యం) వ్యాపారి 1804లో, సాకే వడకట్టగా మిగిలిన పిప్పితో వెనిగర్ తీయడం మొదలుపెట్టాడు. ఏళ్లపాటు మాగిన పిప్పితో చేస్తే అది ఎర్రగా, తియ్యటి వాసనతో ఉండేది. బియ్యపు వెనిగర్ కన్నా చవక. ఎదో నగరంలో బండి మీద సుషీ అమ్మేవాళ్లకు అదే దొరికింది. ఆయన స్థాపించిన వ్యాపారమే నేటి మిజ్కాన్. పారేసే పిప్పితో మొదలైన ఎర్ర వెనిగర్ ఈనాడు తోక్యోలో ఖరీదైన సుషీ బల్లల మీద గొప్పగా చెప్పుకునే సరుకైంది.

ఇక నిగిరి. దగ్గరగా కూర్చుని చూడదగ్గ పని. చెఫ్ వెనిగర్ కలిపిన నీళ్లతో అరచెయ్యి తడుపుకుని, ఒక చప్పట్లాంటి దెబ్బతో మిగిలిన తడి దులిపేస్తాడు. కుడి చెయ్యి తొట్టెలోకి వెళ్లి చిన్న ముద్ద తెస్తుంది. ఎడమ చేతి వేళ్ల మీద చేప ముక్క, దాని వెనక చిటికెడు వసాబి. ముద్ద దాని మీద పడుతుంది. బొటనవేలు మధ్యలో చిన్న గుంట చేస్తుంది. అక్కడ గాలి నిలుస్తుంది. తిప్పి, రెండు వేళ్లతో పైనుంచి నొక్కి, పక్కలు సరిచేసి, మళ్లీ తిప్పి మరోసారి నొక్కుతాడు. నాలుగైదు కదలికల్లో అయిపోతుంది. చేత్తో ఎత్తితే విడిపోకూడదు, నోట్లో పెట్టగానే విడిపోవాలి. అన్నం ఒంటి వేడిలో ఉండాలి, చేప దానికన్నా కాస్త చల్లగా ఉండాలి. ఎదుటి మనిషి ఆలస్యం చేస్తే ఈ లెక్కంతా పోతుంది. అందుకే బల్ల మీద పెట్టిన ముక్కను ఫోన్లో ఫొటోల కోసం ఆరబెట్టడం నాకు బాధగా ఉంటుంది.

1923లో కాంటో భూకంపం తోక్యోను నేలమట్టం చేశాక బతుకుతెరువు పోయిన సుషీ చెఫ్‌లు సొంతూళ్లకు వెళ్లిపోయారు. ఎదో నిగిరి జపాన్ అంతటా పాకింది అలాగే. 1958లో షిరాయిషి యొషియాకి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు కదిలే బెల్టు చూసి, ఒసాకా దగ్గర పళ్లేలు తిరిగే సుషీ దుకాణం పెట్టాడు. ఖరీదైన తిండి మళ్లీ మామూలు జనానికి అందింది. ఇక సాల్మన్ నిగిరి ఈనాడు చాలా మెనూల్లో కనిపిస్తుంది గానీ, తమ సముద్రపు సాల్మన్‌లో పరాన్నజీవుల భయంతో జపనీయులు దాన్ని వండుకునే తినేవారు. పెంపకపు సాల్మన్‌తో 1980లలో నార్వే పట్టుబట్టి ప్రచారం చేశాకే అది పచ్చిగా బల్ల మీదికొచ్చింది.

ఇప్పుడు మనం ఫ్యూజన్ అంటున్నదానికి పుట్టిల్లు ఏదని అడిగితే నేను పెరూ పేరే చెబుతాను. 1899లో ‘సకురా మారు’ అనే ఓడలో దాదాపు 790 మంది జపనీయులు చెరకు తోటల్లో కూలికి పెరూలోని కయావో రేవులో దిగారు. కాంట్రాక్టులు ముగిశాక చాలామంది నగరాలకు చేరి చిన్న చిన్న వ్యాపారాలు, తిండి దుకాణాలు పెట్టుకున్నారు. పెరూలో నిమ్మరసంలో చేప ముక్కలు ఊరేసి తినే ‘సెవిచే’ ముందే ఉంది. గంటల తరబడి ఊరేసే దాన్ని జపాన్ చేతులు కొద్ది నిమిషాలకు కుదించాయి. సషిమిలా పలుచగా కోసి, వడ్డించే ముందు మాత్రమే పులుపు, మిరప పోస్తే ‘తిరదితో’ అయింది. 1973లో మత్సుహిస లీమా వెళ్లినప్పుడు జపాన్ సరుకులు సరిగా దొరికేవి కావు; కొత్తిమీర, మిరప, వెల్లుల్లి, నిమ్మ దొరికేవి. వాటితోనే వండాడు. ఆ తర్వాత అర్జెంటీనాలో నిలదొక్కుకోలేకపోయాడు. అలాస్కాలో పెట్టిన రెస్టారెంట్ తెరిచిన కొద్ది వారాలకే కాలి బూడిదైంది. బెవర్లీ హిల్స్ ఆ తర్వాతి మాట. హమాచి అనే చేప ముక్క మీద హలపీన్యో మిరప చక్రం, కొత్తిమీర ఆకు, యూజు సోయా కలిసిన ఆయన పళ్లెం ఎంతో ప్రసిద్ధం. కొవ్వెక్కువున్న చేపకు కారం, పులుపు విరుగుడు. ఈ జోడీని మన నాలుక వెంటనే గుర్తుపడుతుంది. అదే పెరూ జపాన్ వంటతో పేరు తెచ్చుకున్న లీమాలోని మైదో రెస్టారెంట్ 2025లో ‘వరల్డ్స్ 50 బెస్ట్’ జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది.

కాలిఫోర్నియా రోల్‌దీ ఇలాంటి కథే. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో కొవ్వుపట్టిన ట్యూనా ఏడాది పొడవునా దొరక్క, ఆ వెన్నలాంటి మెత్తదనం కోసం ఇచిరో మషిత అవకాడో, పీత కలిపి చుట్టాడని ఒక కథనం. వాంకూవర్‌లో తానే చేశానని హిదెకజు తోజో అంటారు. నల్లటి నోరి నాచు చూసి జంకే జనం కోసం దాన్ని లోపలికి తిప్పి అన్నాన్ని బయటికి తెచ్చారు. ఎవరు ముందన్న తగువులోకి నేను పోను. జపాన్ ప్రభుత్వం 2016లో తోజోను జపాన్ వంటల సద్భావన రాయబారిగా గౌరవించిందంటే, పుట్టింటివాళ్లు కూడా ఈ కొత్త కోడలిని ఇంట్లోకి రానిచ్చినట్టే.

నాకు కిట్టనివీ ఉన్నాయి. మయొనీస్, తియ్యటి పాకం, కారపు సాస్ మూడూ గీతలు గీసి, పైన ట్రఫుల్ నూనె చిలకరించి, లోపల ఏముందో తెలియకుండా చేసే రోల్స్‌ను నేను సృజన అనను. అన్నం ఫ్రిజ్‌లోంచి వస్తే పిండిపదార్థం బిగుసుకుపోయి మెతుకు గట్టిపడుతుంది. సాస్ ఎంత పోసినా ఆ లోపం దాగదు. అందుకే ఇలాంటి చోట నేను ముందు చెప్పేది అతి మామూలుది: ఒక కీరా రోల్, లేదా ఏ హంగూ లేని ఒక నిగిరి. అందులో అన్నం బాగుంటే, మెనూలో చెఫ్ చేసిన సాహసాలన్నీ ధైర్యంగా తెప్పించుకోవచ్చు. తేలిక రుచుల నుంచి మొదలుపెట్టి కొవ్వు చేపలు, వేయించిన రోల్స్ చివర్లో తినాలి. సోయాలో చేప వైపు అద్దాలి, అన్నం కాదు. అల్లం ముక్క రెండు రుచుల మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి. చేత్తో తినడం తప్పేమీ కాదు; నిగిరికి అదే పాత పద్ధతి.

పచ్చి చేప భయం ఉన్నవాళ్లు నిస్సంకోచంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గడ్డకట్టించిందేనా? పరాన్నజీవులు చావడానికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులుంచాలన్నది అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెప్పే కొలతల్లో ఒకటి. మంచి చోట ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. శాకాహారులకూ అసలైన ఎదో సంప్రదాయంలోనే చోటుంది. కంప్యో రోల్ అంటే మన సొరకాయే: రిబ్బన్లలా కోసి ఎండబెట్టి, సోయా, చక్కెరలో ఉడికించి చుట్టేది. అయితే ఉడికించిన రసంలో ఎండు చేప తురుము వేస్తుంటారు కాబట్టి అదీ అడిగి తెలుసుకోవాలి.

మన తీరంలోనే విశాఖ మత్స్యకారులు గాలంతో ఎల్లోఫిన్ ట్యూనా పడతారు. దాన్ని పట్టిన క్షణంలోనే రక్తం తీసి, పడవ మీదే ఐసులో పెట్టే ఏర్పాటుంటే హైదరాబాద్ సుషీ బల్లకు చేప విమానంలో విదేశాల నుంచి రావాల్సిన అవసరం తగ్గుతుంది. పక్కన పెట్టే ఊరగాయ అల్లానికి బదులు మామిడి అల్లాన్ని పలుచగా కోసి వెనిగర్‌లో వేస్తే పచ్చిమామిడి వాసన దానంతటదే వస్తుంది. ఎర్ర వెనిగర్ పట్టిన అన్నం, సోయాలో నానిన విశాఖ ట్యూనా, మధ్యలో ఒక మామిడి అల్లం ముక్క: ఈ పళ్లెం మన చెఫ్‌లలో ఎవరు పెట్టినా మొదటి వరసలో కూర్చోవడానికి నేను సిద్ధం.