ప్రతివాది రాయాల్సిన పేజీలు

కోర్టు అమీనా సమన్లు పట్టుకుని వీధిలోకి వచ్చాడంటే తలుపు వేసుకోవడమో, ‘ఊళ్లో లేరు’ అని పిల్లల చేత చెప్పించడమో మన దగ్గర పాత అలవాటు. సంతకం పెట్టకపోతే దావా కదలదని, నాలుగు వాయిదాలు అలా గడిపేస్తే అవతలివాడే విసిగి దారికొస్తాడని ఒక నమ్మకం. 1908లో సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసినవాళ్లకు ఈ ఎత్తు తెలియనిది కాదు. మనిషి ఇంట్లో లేక, త్వరలో దొరికే సూచనా లేకపోతే, కుటుంబంలో వయసొచ్చిన ఎవరికైనా సమన్లు ఇవ్వొచ్చు. ఆడవాళ్లా మగవాళ్లా అన్న తేడా లేదు, పనిమనిషికి ఇస్తే మాత్రం చెల్లదు. తీసుకోను పొమ్మంటే ఇంటి తలుపుకు ఒక ప్రతి అంటించి, ఎవరి ఎదుట అంటించిందీ రాసుకుని అమీనా తన దారిన తాను పోతాడు. పోస్టులో వచ్చిన కవరు ‘పుచ్చుకోలేదు’ అన్న రాతతో వెనక్కి వెళ్తే, అందినట్టేనని కోర్టు ప్రకటిస్తుంది. ఇంతకీ తలుపు వేసుకున్నవాడికి మిగిలేదేమిటి? సమన్లతో పాటు దావా నకలు ఉంటుంది, ఉండి తీరాలి కూడా. గడువు లెక్క మొదలైపోయింది, అవతలివాడు తన మీద ఏం రాశాడో మాత్రం తెలియలేదు. ఇంతకన్నా నష్టపు బేరం ఉండదు.

ఎగ్గొట్టేవాళ్ల సంగతి అలా ఉంచితే, నిజాయితీపరులూ సమన్లను పట్టించుకోకపోవడానికి ఒక కారణం చెబుతారు. నేను ఎవరికీ బాకీ లేను, తప్పుడు దావా వేసినవాడే రుజువు చేసుకుంటాడు, నేనెందుకు కోర్టు మెట్లెక్కాలి అంటారు. రుజువు భారం వాదిదే అన్నంతవరకూ నిజమే. ప్రతివాది జవాబు దాఖలు చేయనంత మాత్రాన కళ్లు మూసుకుని డిక్రీ ఇచ్చేయకూడదని బలరాజ్ తనేజా కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే జడ్జి ముందున్నది ఒక్కరి కాగితాలే. వాది ప్రమాణపత్రం వేస్తాడు, ప్రోనోటు ఎగ్జిబిట్‌గా మార్కవుతుంది, అడ్డు ప్రశ్న వేసేవాడు లేడు. ఆ కాస్త సాక్ష్యంతోనే ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. ఆ డిక్రీకి పన్నెండేళ్ల ఆయుష్షు ఉంటుంది. బాకీ లేనని ఇంట్లో కూర్చున్నాయన పొలం దగ్గర డప్పు మోగినప్పుడు తేరుకుంటాడు. మాటవరసకు అన్న డప్పు కాదిది, జప్తు ఉత్తర్వును డప్పు కొట్టి గానీ, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం గానీ చాటించాలని అదే కోడ్‌లోని ఆర్డర్ 21లో రాసే ఉంది. అప్పుడు డిక్రీ రద్దు చేయమని అడగొచ్చు, నిజమే. దానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి, లేకపోతే డిక్రీ తేదీ నుంచే లెక్క. పైగా వాయిదా తేదీ తెలిసి, వచ్చేందుకు వ్యవధి కూడా ఉన్నవాడు, సమన్లు ఇచ్చిన పద్ధతిలో చిన్న లోపం ఉందని వాదించి గట్టెక్కలేడు.

జవాబుకు గడువు సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు. తగిన కారణం ఉంటే, ఆ కారణం రాసి కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఈ 90 కూడా ఇనుపగీత కాదని 2005లో కైలాష్ కేసులో సుప్రీంకోర్టు అన్నప్పటి నుంచీ ‘టైం ఇస్తారులే’ అన్న ధీమా బార్ రూముల్లో పాతుకుపోయింది. ఆ తీర్పు పొడిగింపును మినహాయింపుగానే చూసింది, హక్కుగా కాదన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. వ్యాపార వివాదాలైతే ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వచ్చే దావాల్లో 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుంది. ఆ చట్టం వర్తించే కనీస విలువను 2018లో కోటి రూపాయల నుంచి మూడు లక్షలకు దించారు కాబట్టి ఇది పెద్ద కంపెనీల గొడవ అనుకోవడానికీ లేదు. మామూలు దావాలో కోర్టు కనికరిస్తుందనే అనుకుందాం. ఆ కనికరానికి దరఖాస్తు వేయాలి, కారణం చూపాలి, తరచూ ఖర్చులూ కట్టాలి. జవాబు రాయడానికి పెట్టాల్సిన శ్రమ ఆలస్యానికి సంజాయిషీ రాయడానికి పోతుంది.

అసలు పనితనం ఆ జవాబు రాయడంలోనే ఉంది. మన దగ్గర వాడుకలో ఉన్న నమూనా ఒకటుంది: ‘దావాలోని ఆరోపణలన్నీ అబద్ధం, కల్పితం, వాది కఠినంగా రుజువు చేసుకోవలెను.’ వినడానికి గంభీరంగానే ఉంటుంది, పని చేసేది తక్కువ. ప్రతి సంగతినీ విడివిడిగా కాదనాలని, సూటిగా కాదననిది ఒప్పుకున్నట్టేనని ఆర్డర్ 8 అంటుంది. తప్పించుకునే జవాబు ఎలా ఉంటుందో కూడా అదే చూపిస్తుంది. ఫలానా మొత్తం పుచ్చుకున్నావని వాది అంటే, ఆ మొత్తం పుచ్చుకోలేదు అంటే చాలదు. అందులో ఏ భాగమూ పుచ్చుకోలేదనాలి, లేదా ఎంత పుచ్చుకున్నదీ చెప్పాలి. ఐదు లక్షలు పుచ్చుకోలేదన్నవాడు నాలుగు లక్షల తొంభై వేల గురించి నోరు మెదపకపోతే చట్టానికి ఆ తేడా తెలుస్తుంది. అందుకే మంచి వకీలు ముందు దావాలోని ప్రతి పేరా పక్కనా మూడింట్లో ఒక మాట రాయిస్తాడు: నిజం, అబద్ధం, నాకు తెలియదు. నిజమైనదాన్ని నిజమని ఒప్పుకోవడానికి క్లయింట్లు జంకుతారు. ఊరి పేరు, చుట్టరికం, సంతకం లాంటివి కూడా కాదని బుకాయించినవాణ్ని క్రాస్‌లో రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు, ఆ తర్వాత అతను చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ కింది కోర్టుల్లో నిత్యం కనబడే ప్రోనోటు దావానే చూడండి. ‘ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నారు’ అన్నది ప్రతివాదులకు కంఠస్థమైన జవాబు. ఒక్కోసారి అది నిజం కూడా. కానీ 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, స్టాంపు అంటించిన అసంపూర్తి కాగితం మీద సంతకం చేసి ఇచ్చినవాడు దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే చూస్తుంది. సంతకం ఒప్పుకున్నాక, డబ్బు ముట్టినట్టే ముందు ఊహిస్తుంది. ఆ ఊహను పడగొట్టే బరువు ప్రతివాది మీద పడుతుంది. కాబట్టి ఖాళీ కాగితం అన్న ఒక్క ముక్కతో ఊరుకోకుండా, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ అవసరానికి, చీటీ పాటకు హామీగానా మరొకందుకా, ఎవరి ఎదుట అన్నవన్నీ జవాబులోనే ఉండాలి. నోటును తిరగేసి చూడటం అంతకన్నా ముఖ్యం. అడిగినప్పుడు చెల్లించాల్సిన నోటుకు కాలపరిమితి, రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లు దాటాక వేసిన దావా నిలబడాలంటే, గడువులోగా కొంత సొమ్ము ముట్టినట్టు వెనక ఒక చెల్లు ఉండాలి, దాని మీద బాకీదారు చేతిరాత గానీ సంతకం గానీ ఉండాలి. వెయ్యి రూపాయల చెల్లు ఒకటి గడువు ముగియడానికి వారం ముందు పడి ఉందంటే, ఆ సంతకం ఎవరిదన్న ప్రశ్నలోనే కేసు తేలిపోతుంది. ఆ చెల్లును పేరు పెట్టి కాదనకుండా దావా మొత్తాన్ని కాదన్న జవాబులు ఎన్నో. తన దగ్గరున్న రసీదులూ బ్యాంకు కాగితాలూ జవాబుతోనే పెట్టాలి, తర్వాత తెస్తే కోర్టు అనుమతి కావాలి.

ఇదంతా వకీలు చూసుకునే పని కదా అంటే, వకీలుకు చట్టం తెలుసు, ఆ చెల్లు సంతకం ఎవరిదో తెలియదు. ఫీజు భయమైతే ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు వంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిలో, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 1987 నాటి చట్టం కల్పించిన హక్కిది.

ఇక నిజంగానే బాకీ ఉన్నవాడు. ‘ఇవ్వాల్సిందే కదా, వెళ్లి ఏం చెప్పను’ అని అతనికి తోచడం సహజం, అతని విషయంలో కోర్టుకు వెళ్లమనే సలహా వట్టి ఖర్చులా కనబడుతుంది కూడా. కానీ అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ రేటు అన్న లెక్క వాది రాసిందే ఖాయమయ్యేది అతను రాకపోతేనే. వస్తే లోక్ అదాలత్‌లో రాజీకి దారి ఉంది, అక్కడ తేలితే వాదికి కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది కాబట్టి అతనూ మెత్తబడతాడు. వాయిదాల మీద కట్టుకుంటానని అడగడానికీ వీలుంది. డిక్రీ ఇచ్చేటప్పుడైతే తగిన కారణం చూసి కోర్టే అలా ఉత్తర్వు ఇవ్వగలదు. డిక్రీ వచ్చేశాక అదే మాట అడిగితే, డిక్రీదారు సరేననాలి.