ఐదు పిన్నుల తీగలో పదహారు వాయిద్యాలు

లక్డీకాపూల్‌లో కర్ర వంతెన ఎప్పుడో పోయింది, పేరే మిగిలింది. అక్కడికి దగ్గర్లో 1961 నుంచి ఉన్న రవీంద్రభారతిలో సినీ సంగీత విభావరులు చూసినవాళ్లకు ఒక సంగతి అనుభవమే. వేదిక మీద నలుగురైదుగురు ఉంటారు. వినిపించేది మాత్రం నిండు ఆర్కెస్ట్రా. 'అంతా కంప్యూటరే వాయించేస్తోంది' అని పక్క సీటాయన తేల్చేస్తాడు. ఆ మాట నాకు మింగుడుపడదు. ఎవరో రాత్రిళ్లు కూర్చుని ఒక్కో వాయిద్యం విడివిడిగా రాసిపెట్టారు. కంప్యూటర్ దాన్ని తప్పు పోకుండా అప్పజెబుతోంది, అంతే.

ఆ రాతకు లిపి మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600ను, రోలాండ్ జూపిటర్-6ను తీగతో కలిపి, ఒకదాని మెట్టు నొక్కితే రెండోది పలికేలా చేసి చూపించారు. రెండూ వేర్వేరు కంపెనీల కీబోర్డులు. ఆ తీగలో శబ్దం పారదు. ఫలానా స్వరం, ఇంత బలంగా మొదలుపెట్టు, ఇక ఆపు అనే ఆజ్ఞలే పోతాయి. ఒక తీగలో 16 చానళ్లు, చానల్‌కో వాయిద్యం. ధ్వని పుట్టేది అవతల సింథ్ మాడ్యూల్‌లో. ఆపమన్న ఆజ్ఞ దారిలో తప్పిపోయిందా, ఆ స్వరం దూడ తప్పిన ఆవులా అరుస్తూనే ఉంటుంది.

1991లో వచ్చిన రోలాండ్ ఎస్‌సీ-55 మాడ్యూల్ ఒకేసారి 16 వాయిద్యాలు పలికిస్తుంది, కానీ ఒకేసారి మోగగలిగేవి మొత్తం కలిపి 24 గొంతులే. కొన్ని వాయిద్యాలు స్వరానికి రెండేసి గొంతులు తింటాయి. వయొలిన్ల గుంపుతో నాలుగు స్వరాల కార్డ్ పట్టించి, కోరస్ కూడా కలిపితే లెక్క ఇట్టే నిండుతుంది. అప్పుడు పాత స్వరమేదో మధ్యలో తెగుతుంది. ఎక్కడ వాయించకూడదో ప్రోగ్రామర్‌కు నేర్పింది ఈ పిసినారితనమే. పైగా తీగలో ఒక్కో స్వరం ప్రయాణానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఒకే క్షణాన పది స్వరాలు పెడితే అవి వరసలో నిలబడాల్సిందే. అందుకే దెబ్బ పదునుగా తగలాల్సిన డ్రమ్స్‌ను ముందు పంపించేవారు.

మనవాళ్ల అసలు కష్టం గమకం. తోడి రాగంలోని గాంధారం ఏ మెట్టు నొక్కితే వస్తుంది? దానికి పిచ్ బెండ్ చక్రం ఉంది. మామూలుగా అటు రెండు, ఇటు రెండు అరస్వరాల మేర, 16,384 మెట్లుగా స్వరాన్ని వంచుతుంది. చిక్కేమిటంటే, అది చానల్ మొత్తాన్నీ వంచేస్తుంది. కాబట్టి గమకం ఉన్న వాయిద్యానికి ఒక చానల్ ప్రత్యేకంగా కేటాయించి, ఒక్కో స్వరమే పలికించాలి. అదే 1991లో ఖరారైన జనరల్ మిడి 128 వాయిద్యాల జాబితాలో సితార్, షెహనాయీ ఉన్నాయి. వీణ లేదు. తబలా, మృదంగం, డప్పు అసలే లేవు. వాటి అసలు ధ్వనిని రికార్డు చేసి, దాన్ని పలికించే శాంప్లర్‌లోకి విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఎక్కించాక కూడా ప్రతి దెబ్బకూ ఒకే బలం ఇచ్చి, దెబ్బలను లయ గీతలకు కచ్చితంగా అతికించే క్వాంటైజ్‌తో గీత మీద నిలబెడితే డప్పు గోడకు మేకు కొట్టినట్టుంటుంది. దెబ్బను గీతకు కాస్త వెనక్కి జరపడం, ఒకటి 110, పక్కది 74గా బలం మార్చడం చేత్తో చేయాల్సిన పనే.

తెలుగు పాటకు ఈ విద్య మద్రాసు స్టూడియోల మీదుగా వచ్చింది. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే 1992లో 'రోజా'తో ఏ.ఆర్. రహ్మాన్‌గా దేశానికి తెలిశాడు. ఈ దారిలో ఎందరో వయొలిన్ కళాకారుల పని పోయింది. దాన్ని అభివృద్ధి అని సర్దుకోవడం నాకిష్టం లేదు. కానీ వాయిద్యాలను విడదీసి వినడం నేర్పడంలో దీనికి సాటి పాఠం కూడా నాకు కనబడలేదు.

ఇలా రాసిపెట్టుకునే సీక్వెన్సర్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. పల్లవిలో బేస్ గిటార్ ఒక్కటీ విని రాయండి. తర్వాత రవీంద్రభారతికి వెళ్లి, ఆ పక్క సీటాయనకు మీరే చెప్పండి.