అందం ఎవరి సొత్తు?

'వాడల్లో సౌందర్యదృష్టి పెంచాలి' అనే మాట సభల్లో తరచు వింటుంటాం. చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. అందం ఊళ్ళో ఉంది, వాడలో లేదు, కాబట్టి ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి పంచిపెట్టాలి అని. ఈ లెక్కే తప్పు. వాడకి అందం తెలియక కాదు, అందాన్ని అనుభవించే హక్కు లేకుండా చేశారు.

దీనికి రుజువు అంబేద్కర్ 1936లో అచ్చువేసిన 'కుల నిర్మూలన'లోనే ఉంది. 1928లో ఇండోర్ ప్రాంతంలో బలాయీల మీద అగ్రకులాలు పెట్టిన ఆంక్షల్ని ఆయన అందులో చూపించారు. జరీ అంచు తలపాగా చుట్టకూడదు. రంగు అంచు పంచె కట్టకూడదు. ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. అందం మీద మనసే లేని మనుషులకి రంగు అంచు వద్దని ఎవరైనా ఆజ్ఞ వేస్తారా? ఆకలి ఒక్కటే కాదు, అలంకరణ కూడా కులం చేతిలో ఉండాలన్నమాట!

ఆ ఆజ్ఞ ఇప్పుడు కాగితం మీద లేదు, వెటకారంలో ఉంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో వారమంతా బస్తాలు మోసిన మనిషి ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి బయల్దేరితే 'కూలోడికి సోకులెందుకురా' అనేవాళ్ళు ఉన్నారు. ఆ తెల్లచొక్కా సోకు కాదు. అది అతని సౌందర్యశాస్త్రం.

ఇక చేసే చేతుల సంగతి. నరసాపురం లేసు అల్లిక మిషనరీల ద్వారా పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. మొదట నేర్చుకున్నది మాల, మాదిగ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళిన పేద స్త్రీలు. ఈ పరిశ్రమ మీద మరియా మీస్ 1982లో ఒక పుస్తకం రాసింది. ఇల్లాళ్ళు ఖాళీ టైములో చేసే పని అని పేరుపెట్టి ఆ శ్రమకి కూలి ఎట్లా తగ్గించారో అందులో తేల్చింది. లేసు విదేశాలకి పోయింది, లాభం వ్యాపారికి పోయింది. ఏలూరు తివాచీలూ అంతే. 1851లోనే లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్ళాయి. ఊరి పేరు నిలిచింది. నేసినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు?

కొల్లేరు అందం గురించి రాసేవాళ్ళు కూడా ఇదే పని చేస్తున్నారు. వాళ్ళ ఫోటోల్లో ఆటపాక గూడబాతులుంటాయి, తుంగ కోసి చాప అల్లే మనిషి ఉండదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసార్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షుల్ని కాపాడొద్దని ఎవరూ అనటం లేదు. కానీ లంకల్లో బతుకుతున్న మనుషుల్ని చెరిపేసి చూసే చూపు సగం చూపే. జాషువా ఈ సగం చూపుని 1941లోనే తిరగేశాడు. హంసనీ మేఘాన్నీ కాదని, అశుభమని అందరూ తరిమే గబ్బిలాన్ని దూతగా పంపాడు. కారణం ఉంది. తన నాయకుడికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు. ఏది అందమో తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్న అక్కడ మొదలైంది.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత కవిత్వంలో కోపం రావటం న్యాయమే. ఆ కోపం లేకపోతే 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చేది కాదు. అయితే మన విమర్శ కోపాన్ని ఒక్కదాన్నే కొలబద్ద చేసుకుంది. అందం అనగానే అది అగ్రకులాల వ్యవహారమని పక్కన పెట్టేసింది. మీటింగుకి జనాన్ని పిలవటానికి డప్పు కావాలి మనకి. దాన్ని మంటకి కాచి శ్రుతి పట్టే చెవి ఎంత కళో ఆగి విన్నామా?

టీచర్లు, విద్యార్థులు మొదలుపెట్టదగిన పని ఒకటుంది. హాస్టలు పిల్లల చేత వాళ్ళమ్మ ముగ్గునీ, అమ్మమ్మ చాపనీ, తాత దరువునీ రాయించండి. పక్కన చేసిన మనిషి పేరు రాయించండి. ఆ పనికి ఎంత ముట్టిందో కూడా రాయించండి. పేరూ కూలీ లేని సౌందర్యదృష్టి మనకొద్దు.