యాస్నీ చిత్రించిన మొరావియా పల్లె

చెకోస్లొవేకియా నవ్య చలనచిత్రోద్యమమును గూర్చి ప్రసంగము వచ్చినపుడు ఫోర్మన్, మెంజెల్, ఖితిలోవాల పేర్లు రసికుల నాలుకలపై ఆడుచుండును గాని, వారికంటె వయసున పెద్దవాడై వారికి త్రోవ తీసినవారిలో నొకడైన వోయ్‌త్యెఖ్ యాస్నీని తలచువారు మిక్కిలి అరుదు. ఆయన 1968లో నిర్మించిన ‘ఫ్షిఖ్ని దోబ్రీ రొదాత్సి’, అనగా ‘మా ఊరి మంచివారందరు’ అను చిత్రము, పల్లె జీవనమును గూర్చి ఐరోపాలో వెలువడిన కృతులలో అగ్రశ్రేణికి చెందినదని నా దృఢవిశ్వాసము.

యాస్నీ 1925లో మొరావియాలోని కెల్చ్ అను చిన్న ఊర జన్మించెను. ఆ ఊరి మనుషులే ఈ కథకు మూలము. యుద్ధము ముగిసిన 1945 వసంతమున కథ ఆరంభమగును. రైతు ఫ్రాంటిషెక్, చర్చిలో ఆర్గన్ వాయించు ఒచెనాష్, తపాలా బంట్రోతు బెర్టిన్, చేతివాటము గల యోర్కా మొదలగువారు కలసి త్రాగుదురు, కలసి పాడుదురు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారమును చేజిక్కించుకొనిన పిమ్మట ఆ స్నేహము నిలువునా చీలును. నిన్నటి మిత్రులలో కొందరు నేడు అధికారులై, పొలములను ఉమ్మడి సేద్యములో కలుపుమని ఇంటింటికి తిరుగుదురు.

కథను నడపు పద్ధతిలోనే దర్శకుని ప్రజ్ఞ యున్నది. ఒక నాయకుని వెంటబడి పోవుటకు మారుగా, చిత్రము సంవత్సరములుగను ఋతువులుగను విభక్తమై యుండును. మనుష్యుల చట్టములు ఎంత వేగముగా మారినను దుక్కి, విత్తు, కోత, మంచు తమ వరుసను తప్పవు. ఛాయాగ్రాహకుడు యరోస్లవ్ కుచెరా, 1966లో ఖితిలోవా చిత్రమున రంగులతో స్వేచ్ఛగా చెలరేగినవాడే, ఇచ్చట ఆ రంగులను నేలకు అప్పగించెను. దున్నిన చాళ్ల నలుపును, పండిన చేని పసిమిని, హిమముతో తెల్లబారిన వీధిని కన్నులార చూచిన వెనుకనే ఒక హత్యయో ఒక నిర్బంధమో సంభవించును. ఇంత సౌందర్యము దుఃఖమును పలుచన చేయునని కొందరు ఆక్షేపింతురు, నాకట్లు తోచదు. పోగొట్టుకొనినది ఎట్టిదో కంటికి కనబడనిదే పోయినదాని విలువ ఎట్లు తెలియును?

రెండు ఘట్టములను విశేషించి చెప్పవలెను. ఒచెనాష్‌ను చంపదలచినవారి తూటా పొరపాటున బెర్టిన్‌ను బలిగొనును. పెండ్లి కావలసిన యువకుడు నేలగూలును, బ్రతికినవాడు భయముతో ఊరు విడుచును. రెండవది జాషినెక్ కథ. నాజీల యేలుబడిలో యూదు స్త్రీయైన భార్యకు విడాకులిచ్చి, ఆమె మరణమునకు కారకుడైన ఇతనిని ఆ పాపము త్రాగుడులోను వదలదు. తుదకు ఒక ఎద్దు కొమ్ములకు బలియగును. ప్రసిద్ధ గాయకుడు వాల్డెమార్ మతుష్కా ఈ పాత్రను ధరించుటచే ఆ బలిష్ఠుని కంఠములోని ఉల్లాసము సయితము మనకు బాధగా వినబడును. నూతన ప్రభుత్వము చేసిన అన్యాయమును చూపిన చేతితోనే, ఊరివారు తమకు తాము తెచ్చుకొనిన పాపమును దాచక చూపుట యాస్నీ నిజాయితీకి గుర్తు.

ఫ్రాంటిషెక్ పాత్రలో రాడొస్లవ్ బ్ర్‌జొబొహతీ మాటలు మిగుల తక్కువ. ఉమ్మడి సేద్యమునకు అతడు సంతకము చేసిన తామును చేయుదుమని ఊరివారందురు; అతడు చేయడు. ఉపన్యాసము లేదు, ఆవేశము లేదు. తన నేలను తాను దున్నుకొందునను పట్టుదల యొక్కటే ఆ ముఖమున నిలిచియుండును. అందులకు ఫలము చెరసాల.

1969లో కాన్ ఉత్సవమున యాస్నీకి ఉత్తమ దర్శక బహుమానము, బ్రెజిల్ దర్శకుడు గ్లౌబర్ రోషాతో సమానముగా, లభించెను. స్వదేశములో మాత్రము, సోవియట్ సేనలు ప్రవేశించిన పిదప ఏర్పడిన ప్రభుత్వము ఈ చిత్రమును నిషేధించి ఇరువది సంవత్సరములు మూలబెట్టెను; దర్శకుడు 1970లో దేశమును విడిచి వెడలెను.

క్రొత్తగా చూచువారికి మొదటి అరగంట ఎవరు ఎవరో తెలియక చిక్కుగా నుండును. అందులకు విసుగు చెందక, పేర్లను విడిచి ముఖములను గుర్తుంచుకొనుడు. ఋతువు మారినప్పుడెల్ల ఆ గుంపులో ఏ ముఖము తగ్గెనో లెక్కించుచు పొండు, కథ దానియంతట అదియే తెలియవచ్చును.